అరగంటకే ఆగిపోయే రికార్డింగ్

ప్రశ్న: తిరుపతిలో మా భజన బృందం పాడే అన్నమయ్య సంకీర్తనలను ల్యాప్‌టాప్‌కి పెట్టిన 32 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రికార్డు చేస్తున్నాను. 16 ట్రాకులు, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, అన్నీ కలిపి ఒకే వేవ్ ఫైలు. ప్రతిసారీ అరగంట దాటగానే ఆగిపోతోంది. ఎస్‌ఎస్‌డీ (తిరిగే డిస్కు లేకుండా చిప్‌లలో రాసే డ్రైవ్) కొంటే సరిపోతుందా?

జవాబు: కొనేముందు ఈ లెక్క చూడండి. ఒక ట్రాకు సెకనుకు 1,44,000 బైట్లు తీసుకుంటుంది. పదహారింటికీ కలిపి 2.3 ఎంబీ. ఇదేమంత బరువు కాదు. మీ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో (డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి) ఉండి ఉంటుంది. అందులో ఏ ఫైలూ 4 జీబీ దాటకూడదు. మీ ఫైలు 31వ నిమిషంలో సరిగ్గా అక్కడికి చేరుతుంది. లోపలున్నవి వేరేచోట దాచుకుని డ్రైవ్‌ని ఆ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌కి మార్చండి. మామూలు వేవ్ ఫైలుకి కూడా అదే హద్దు ఉంది కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో ఆర్‌ఎఫ్64 (4 జీబీ దాటగల వేవ్ రకం) ఎంచుకోండి, లేదా ట్రాకుకో ఫైలు పెట్టండి. అలా పెడితే ఎనిమిది గంటలు పాడినా ఏ ఫైలూ ఆ హద్దుకి చేరదు, కాకపోతే 32 జీబీ డ్రైవ్ నాలుగు గంటల లోపే నిండిపోతుంది.

ఫార్మాట్ మార్చినా పెన్‌డ్రైవ్‌ని నమ్ముకుని కచేరీకి వెళ్లొద్దు. మొదట చకచకా రాస్తుంది. లోపలి కాష్ (వేగంగా రాసే తాత్కాలిక చోటు) నిండాకో, వేడెక్కాకో ఉన్నట్టుండి కొన్ని క్షణాలు బిగుసుకుపోతుంది. ఈలోగా బఫర్ (రాయాల్సిన శబ్దాన్ని ల్యాప్‌టాప్ కాసేపు ఆపుకునే చోటు) నిండిపోతే పల్లవిలో ఒక మాట పోతుంది. పాడినవాళ్లు ఆ భావంతో మళ్లీ పాడటం జరిగే పని కాదు.

పోర్టబుల్ హార్డ్‌డిస్క్ వరసగా రాయడంలో సెకనుకు 100 ఎంబీ దాకా ఇస్తుంది, మీకు ధారాళంగా చాలు. చిక్కల్లా అదురుతోనే. డోలు మోగే వేదిక చెక్క మీద మాత్రం పెట్టకండి. మైకు పక్కనున్నా దాని గీ శబ్దం ఎక్కుతుంది.

ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు. బయట రికార్డింగ్‌కి అదే మంచిది. గంటకు 8.3 జీబీ చొప్పున 500 జీబీ మీకు చాలాకాలం వస్తుంది. పొట్టి కేబుల్ వాడి, వదులు లేకుండా చూసుకోండి. మధ్యలో ఊడితే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫైలు పాడయ్యే ప్రమాదం ఎక్కువ.

ప్రశ్న: చిత్తూరులో ఇంట్లోనే మిక్సింగ్ చేస్తాను. హార్డ్‌డిస్క్ నుంచి 40 ట్రాకులు ప్లే చేస్తే శబ్దం తెగి తెగి వస్తోంది. ర్యామ్ పెంచాలా?

జవాబు: ముందు ప్లగిన్లన్నీ (శబ్దానికి ఎఫెక్టులు చేర్చే చిన్న ప్రోగ్రాములు) ఆపి ప్లే చేయండి. అప్పుడూ తెగుతుంటే అనుమానం డిస్కు మీదే. 40 ఫైళ్లు 40 చోట్ల ఉంటాయి, డిస్కును చదివే హెడ్ ఒక్కో దూకుకి పది మిల్లీసెకన్లకు పైగా తీసుకుంటుంది. ప్రాజెక్టు మొత్తాన్ని ఎస్‌ఎస్‌డీకి కాపీ చేసి అక్కడినుంచే మిక్స్ చేయండి. హార్డ్‌డిస్క్‌ని పారేయకండి. ప్రతి రాత్రీ బ్యాకప్ అందులోకి తీసుకుని, ఎజెక్ట్ చేశాకే కేబుల్ తీయండి.