ఇంజను సంగతి తరువాత, ముందు ఆర్.సి. మాట తేల్చండి

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. నాన్నగారు 1974లో కొన్న ప్రీమియర్ పద్మిని కారు ఆయన పోయాక నా పేరుకు మారింది. వంతెనలు ఎక్కలేకపోతోందని రాజమహేంద్రవరంలో ఒక మెకానిక్ చేత 1800 సీసీ ఇంజను పెట్టించాను. 1,85,000 రూపాయలు తీసుకున్నాడు. లక్ష ఫోన్‌పేలో పంపాను, మిగతాది నగదు. బిల్లు ఇవ్వలేదు. మొదటి నుంచీ వేడెక్కుతోంది. సంక్రాంతికి చించినాడ వంతెన మీద ఆవిరి కక్కి ఆగిపోతే పిల్లలతో నడిరోడ్డున నిలబడ్డాను. ఆర్.సి. పని తాను చూసుకుంటానని వాయిస్ మెసేజ్ పెట్టిన మనిషి, ఇప్పుడు రేపు మాపు అంటున్నాడు. బండి చేతికొచ్చి ఇరవై నెలలైంది. పాత ఇంజను నంబరు కొత్తదాని మీద కొట్టిస్తే గొడవే ఉండదని కొందరు చెబుతున్నారు. డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: ఉత్తరమంతా ఇంజను వేడి గురించి రాశారు. ఆర్.సి. సంగతి ఒక్క వాక్యంలో దాటేశారు. మీ కేసు నిలిచినా పడినా ఆ ఒక్క వాక్యం మీదే.

ఆర్.సి.లోని వివరాలకూ తయారీదారు ఇచ్చిన వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. తయారీదారు ఇచ్చిన మూల రూపాన్ని మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. పద్మిని ఇంజను 1089 సీసీ. దాని స్థానంలో 1800 సీసీ పెట్టి, ఇప్పుడు అనుమతి ఇవ్వమంటే ఇస్తారన్న ఆశ పెట్టుకోకండి. 182ఎ సెక్షన్ కింద ఇలాంటి మార్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆ శిక్ష పడేది యజమానికి.

కాబట్టి "ఇంజను సరిగ్గా పెట్టలేదు" అని మాత్రమే ఫిర్యాదు రాస్తే అవతలి న్యాయవాది పని సులువవుతుంది. చట్టం ఒప్పుకోని పని చేయించుకుని నష్టపరిహారం అడుగుతున్నారంటూ కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ (చట్టవిరుద్ధమైన ఒప్పందం చెల్లదనేది) ఎత్తుతాడు. దానికి మీ దగ్గరున్న గట్టి జవాబు ఆ వాయిస్ మెసేజ్. అనుమతులు తెచ్చే బాధ్యత తనదేనని నమ్మించి డబ్బు తీసుకున్నాడు, తేలేదు. అది సేవాలోపం. ఆ మెసేజ్ ఉన్న ఫోను అమ్మకండి, రీసెట్ చేయకండి. దాన్ని వినియోగదారుల కమిషన్ ముందు పెట్టేటప్పుడు, ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జత చేయించండి. లక్షకు బ్యాంకు స్టేట్‌మెంటు తీయండి. నగదుకు ఎవరైనా సాక్షి ఉంటే అఫిడవిట్ తీసుకోండి, లేకపోతే ఆ 85,000 మీద గట్టిగా ఆశ పెట్టుకోకండి.

ఇంత డబ్బు పోసి బిల్లు అడగకపోవడం క్షమించరాని అజాగ్రత్త. ఆ ఇంజను ఏ బండిలోంచి వచ్చిందో మీకు తెలుసా? అది దొంగ బండిదైతే, తెలిసి ఉంచుకున్నారంటూ భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద పోలీసులు మీ గుమ్మం ఎక్కుతారు. చుట్టూ డ్రమ్ము బ్రేకులే ఉన్న బండికి అంత బలమైన ఇంజను పెట్టి పిల్లల్ని ఎక్కించుకుని తిరిగారు. బీమా పాలసీలో ఉన్నది 1089 సీసీ. థర్డ్ పార్టీ ప్రీమియమే 1500 సీసీ దాటితే వేరు. ఎవరికైనా దెబ్బ తగిలితే, బాధితుడికి కట్టిన సొమ్ము మీ దగ్గర రాబట్టుకోవడానికి బీమా కంపెనీ చూస్తుంది.

నంబరు కొట్టించే ఆలోచన ఈ క్షణమే మానుకోండి. ఇప్పటిదాకా మీది మోటారు వాహనాల చట్టం కింద తప్పు. ఇంజను మీద ఒక్క అంకె గీకినా అది ఫోర్జరీ, మోసం కేసులకు దారి తీస్తుంది. గీకి మళ్లీ పంచ్ చేసిన చోటు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు కంటికి ఇట్టే దొరుకుతుంది. ఆ సలహా ఇచ్చినవాళ్లెవరూ మీతో కోర్టు మెట్లెక్కరు.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. బండి అప్పగించిన రోజు నుంచి లెక్క వేసుకుంటే మీకు మిగిలింది నాలుగు నెలలే. అతడు నోటితో చెప్పే "వచ్చే వారం" వల్ల గడువు ఒక్కరోజు కూడా పెరగదు. లాయరు నోటీసు పంపినా పెరగదు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలున్నా, అతడి మాట నమ్మి కూర్చున్నాననే కారణం నిలుస్తుందని నేను భరోసా ఇవ్వను.

ఈ వారమే స్పీడు పోస్టులో నోటీసు పంపి, పదిహేను రోజులు గడువివ్వండి. ఆ తరువాత ఆగకుండా మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి, రాజమహేంద్రవరం వెళ్లనక్కరలేదు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపు కనుక ఫీజు లేదు. కట్టిన డబ్బుతోపాటు పాత ఇంజను తిరిగి బిగించడానికయ్యే ఖర్చు కూడా అడగండి.

తొందరపడి ఇంజను మాత్రం దించకండి. ముందు నంబరు కనిపించేలా, రేడియేటరు, మౌంటింగులు, వెల్డింగు చేసిన చోట్లు కనిపించేలా ఫొటోలు తీయించండి. కమిషన్‌ను నిపుణుడి పరిశీలన కోరండి. అది పూర్తయ్యేదాకా కారు షెడ్డు దాటకూడదు.

పాత ఇంజను ఎక్కడుంది? మీరు రాయలేదు. మీ దగ్గరుంటే తుక్కుకు వేయకండి. మెకానిక్ దగ్గరుంటే నోటీసులో మొదటి డిమాండు అదే కావాలి. ఆర్.సి.లోని నంబరున్న ఆ ఇంజను మళ్లీ ఎక్కితే మీ తలనొప్పి చాలావరకు తీరుతుంది. యాభయ్యేళ్లు దాటి, అసలు రూపం చెడని బండ్లకు 2021లో కేంద్రం వింటేజి రిజిస్ట్రేషన్ తెచ్చింది. అప్పుడు దానికీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే వింటేజి బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. అవసరాలకు కారు వాడుకోవాలనుకుంటే ఆ దారి వదిలేసి, ఉన్న ఆర్.సి.నే గడువు ముగియకముందు రెన్యువల్ చేయించుకోండి.