గేమ్‌లో తడి రోడ్డు మెరుపు: కోడ్ రాస్తారా, దీపాలు అమరుస్తారా?

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతున్నాను. అన్నయ్య కంప్యూటర్‌లో గేమ్ ఆడుతుంటే, వాన కురిసిన వీధిలో కనిపించే దీపాల ప్రతిబింబాలనే చూస్తూ కూర్చుంటాను. అలాంటివి తయారుచేసే పని నేర్చుకోవాలని ఉంది. నాన్న బీటెక్ చేయమంటున్నారు. ఒక యానిమేషన్ సంస్థవాళ్లు తమ డిప్లొమా చేస్తే చాలంటున్నారు. ఏది మంచిది? ఖరీదైన గేమింగ్ ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనాలా?
– ఒక విద్యార్థిని, తణుకు

జవాబు: కోర్సు సంగతికి ముందు మీరొక చిన్న పరీక్ష చేసుకోవాలి. ఈసారి అన్నయ్య ఆడుతున్నప్పుడు ఏదైనా నీటి మడుగు దగ్గర ఆగి, చూపును మెల్లగా కిందికి దించమనండి. చాలా గేమ్‌లలో ఎదుటి భవనం తెర పైఅంచు దాటిపోగానే నీటిలో దాని ప్రతిబింబం కూడా చెరిగిపోతుంది. భవనం అక్కడే ఉంది, నీరూ అక్కడే ఉంది, ప్రతిబింబం మాత్రం లేదు. ఎందుకంటే ఆ గేమ్ తెర మీద అప్పటికే గీసిన బొమ్మలోంచే ప్రతిబింబాన్ని ఏరుకుంటోంది. తెర మీద లేనిది దానికి తెలియదు. దీన్ని స్క్రీన్ స్పేస్ రిఫ్లెక్షన్ అంటారు. 2011లో వచ్చిన క్రైసిస్ 2 నుంచి ఇది బాగా వాడుకలో ఉంది.

అది చూసినప్పుడు మీ మనసులో మొదట ఏ ఆలోచన వస్తుందో గమనించుకోండి. ‘ఇలా ఎందుకు చెరిగిపోయింది, చెరిగిపోకుండా ఏం చేయాలి’ అనిపిస్తే మీ దారి గ్రాఫిక్స్ ప్రోగ్రామింగ్. ‘ఆ దీపం కాస్త పక్కకు జరిపి, పసుపు తగ్గిస్తే ఈ వీధికి ఇంకా దిగులు వస్తుంది’ అనిపిస్తే మీరు లైటింగ్ ఆర్టిస్ట్ కాదగినవారు. రెండూ గౌరవమైన వృత్తులే, రెండింటికీ చూసే కన్ను కావాలి. కానీ చదువులు వేరు. మీ నాన్న చెప్పేది మొదటి దారికి, ఆ సంస్థవాళ్లు చెప్పేది రెండో దారికి సంబంధించినవి. మీ ఇంట్లో జరుగుతున్న చర్చలో ఈ తేడా ఎవరూ చెప్పినట్లు లేదు.

మొదటి దారి గురించే ఎక్కువ రాస్తాను. ఎంపీసీ విద్యార్థులకు దాని గురించి చెప్పేవారు తక్కువ.

గేమ్‌లో అద్దం చూపించడం ఒకప్పుడు పెద్ద తంటా. 1996 నాటి సూపర్ మారియో 64లో అద్దాల గది ఉంటుంది. అందులో నిజంగా అద్దం లేదు. గోడకు అవతల అచ్చం అలాంటిదే మరో గది కట్టి, అందులో రెండో మారియోను ఎదురుబొదురుగా నడిపించారు. వంపు తిరిగిన వస్తువుల కోసం 1976లోనే బ్లిన్, న్యూవెల్ అనే కంప్యూటర్ పరిశోధకులు మరో ఉపాయం చెప్పారు: చుట్టూ ఉన్న దృశ్యాన్ని ముందే ఒక బొమ్మగా దాచుకుని, దాన్ని వస్తువుకు చుట్టబెట్టడం. కార్ల గేమ్‌లలో కారు మీద కదిలే ఆకాశం చాలాకాలం ఇలా వచ్చిందే.

కాంతి నడిచే దారినే లెక్కగట్టే పద్ధతి కూడా కొత్తదేమీ కాదు. టర్నర్ విటెడ్ అనే పరిశోధకుడు 1980లో చూపించాడు: కంటి నుంచి ఒక్కో పిక్సెల్ గుండా ఒక కిరణాన్ని పంపు, అది దేనికి తగిలిందో చూడు, అక్కడి నుంచి పరావర్తన కిరణాన్ని మళ్లీ పంపు. ఇదే రే ట్రేసింగ్. ఆయన చేసిన గాజు గోళాల చిన్న చిత్రానికి ఆనాటి కంప్యూటర్ మీద గంటకు పైగా పట్టింది. గేమ్‌కు ఉండే వ్యవధి ఎంతో తెలుసా? సెకనుకు 60 చిత్రాలు కావాలంటే ఒక్కో చిత్రానికి దాదాపు 16.7 మిల్లీసెకన్లు. మామూలు హెచ్‌డీ తెర మీద 20 లక్షలకు పైగా పిక్సెళ్లు. అందుకే ఈ పని కోసమే ప్రత్యేక భాగాలున్న ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డులను చిప్‌ల కంపెనీ ఎన్‌విడియా 2018లో తెచ్చేదాకా గేమ్‌లు ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది చివర్లో బ్యాటిల్‌ఫీల్డ్ 5లో తెర మీద లేని మంట కూడా కారు తలుపు మీద ప్రతిఫలించింది.

ఇప్పటికీ ఒక్కో పిక్సెల్‌కు పంపగలిగేవి కొద్ది కిరణాలే. అందుకే బొమ్మ మొదట ఇసుక చల్లినట్లు చుక్కలు చుక్కలుగా వస్తుంది. కొద్ది నమూనాల నుంచి నిజమైన వెలుగును అంచనా కట్టి, ఆ చుక్కలను నునుపు చేయడం మీదే ఈ రంగంలో చాలామంది పనిచేస్తున్నారు. అది సంభావ్యత. మీరు ఈ ఏడాది చదువుతున్న పాఠమే.

నిజానికి మీ పుస్తకాల్లో ఈ వృత్తికి పునాది చాలావరకు ఉంది. కిరణం గోళానికి తగిలిందా లేదా అన్నది ఒక వర్గ సమీకరణం. విచక్షణి రుణాత్మకమైతే తగల్లేదు, ధనాత్మకమైతే రెండు చోట్ల తగిలింది, దగ్గరిది తీసుకోవాలి. పరావర్తన కిరణం ఎటు పోతుందో చెప్పేది సదిశల బిందు లబ్ధం. వస్తువును తిప్పడానికి, జరపడానికి మాత్రికలు. ఒక బిందువు మీదికి అన్ని దిక్కుల నుంచి వచ్చే వెలుగును కూడడానికి సమాకలనం. కంప్యూటర్ బొమ్మలో వెలుగును లెక్కగట్టడానికి 1986లో జేమ్స్ కజియా రాసిన రెండరింగ్ సమీకరణం నడుమ ఉన్నది సమాకలనమే. ‘ఇవన్నీ ఎందుకు పనికొస్తాయి సార్’ అని అడిగే పిల్లలకు నేను గేమ్‌లోని నీటి మడుగునే చూపిస్తాను.

భౌతికశాస్త్రం మీ ఇంటి నేల మీదే ఉంది. నున్నటి టైల్స్ మీద నిలబడి పాదాల దగ్గర చూడండి, ప్రతిబింబం మసకగా ఉంటుంది. అదే నేలను దూరంగా గుమ్మం వైపు చూస్తే తలుపు స్పష్టంగా కనిపిస్తుంది. నీటి మీద కాంతి నిటారుగా పడితే సుమారు 2 శాతమే వెనక్కి వస్తుంది. ఏటవాలుగా, ఉపరితలాన్ని ఒరుసుకుంటూ పడితే దాదాపు అంతా వస్తుంది. ఫ్రెనెల్ చెప్పిన ఈ సూత్రానికి క్రిస్టోఫ్ ష్లిక్ 1994లో ఒక సులువైన రూపం ఇచ్చాడు. ఒకటి నుంచి పతన కోణపు కొసైన్ తీసేసి, దాన్ని అయిదో ఘాతానికి పెంచడం అందులో కీలకం. గేమ్‌లు నేటికీ దాన్ని వాడుతున్నాయి. ఈ ఒక్క లెక్క తప్పితే నీరు నీరులా ఉండదు, ప్లాస్టిక్ రేకులా ఉంటుంది.

ఇక చదువు. ఈఏపీసెట్ లేదా జేఈఈ ద్వారా బీటెక్ కంప్యూటర్ సైన్స్‌లో చేరండి. ఈసీఈ వచ్చినా దారి మూసుకుపోదు. గ్రాఫిక్స్ మీద పరిశోధన దగ్గర్లో చూడాలనుకుంటే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోని సీవీఐటీ కేంద్రం ఉంది. అయితే ఒక మాట ముందే చెప్పాలి: చాలా కళాశాలల్లో గ్రాఫిక్స్ ఒక ఐచ్ఛికాంశం మాత్రమే, ఒక్కోచోట అదీ ఉండదు. సీ++ భాష గట్టిగా, తర్వాత గ్రాఫిక్స్ కార్డు చేత బొమ్మ గీయించే ఓపెన్‌జీఎల్, ఆపైన అదే పని చేసే వల్కన్ మీరే నేర్చుకోవాల్సి ఉంటుంది.

ఉద్యోగాల విషయంలో నిజం చెబుతాను. మన దేశంలోని గేమ్ స్టూడియోలలో కొత్తవారికి గ్రాఫిక్స్ ప్రోగ్రామర్ ఖాళీలు తక్కువ. చాలాచోట్ల విదేశీ గేమ్‌లకు బొమ్మలు చేసిపెట్టే పని, మొబైల్ గేమ్‌ల పని ఉంటుంది. 2023, 2024లో ప్రపంచవ్యాప్తంగా గేమ్ కంపెనీలు చాలామందిని తీసేశాయి కూడా. అయినా నేను మిమ్మల్ని ఆపడం లేదు. ఇదే నైపుణ్యం గ్రాఫిక్స్ చిప్‌లు తయారుచేసే కంపెనీలకు కావాలి. ఎన్‌విడియా, ఏఎండీ, క్వాల్‌కామ్, ఇంటెల్ నాలుగింటికీ హైదరాబాద్‌లో కార్యాలయాలు ఉన్నాయి. కార్ల డిజైన్, భవన నిర్మాణ చిత్రాలు, వైద్య స్కాన్‌లను మూడు కొలతల్లో చూపించే సాఫ్ట్‌వేర్, ఇవన్నీ ఇదే లెక్క మీద నడుస్తాయి. గేమ్ అన్న ఒక్క తలుపే చూసుకుని వచ్చినవారే ఎక్కువ నిరాశపడటం చూశాను.

ఒకవేళ మీ పరీక్షలో రెండో జవాబు వస్తే, అప్పుడూ ఆ డిప్లొమాకు తొందరపడకండి. ఐఐటీల్లో బీడిజైన్‌కు యూసీడ్ పరీక్ష ఉంది. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో యానిమేషన్ డిగ్రీ ఉంది. డిప్లొమా సంస్థల్లో మంచివీ ఉంటాయి. కానీ కొన్నేళ్ల క్రితం నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రవాడి తల్లిదండ్రులు పొలం తాకట్టు పెట్టి లక్షల రుసుము కట్టారు. రెండేళ్ల తర్వాత అతని చేతిలో ఉన్నవి అందరూ చేసే నాలుగు అభ్యాసాలే. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అందుకే ఏ సంస్థకు వెళ్లినా గోడల మీది పోస్టర్లు కాదు, నిరుడు చదువు ముగించిన విద్యార్థులు సొంతంగా చేసిన పని చూపించమని అడగండి. చూపించకపోతే లేచి వచ్చేయండి.

ల్యాప్‌టాప్ ఇప్పుడు వద్దు. నాన్నకు ఆ ఖర్చు పెట్టించకండి. మీ తొలి రే ట్రేసర్‌కు గ్రాఫిక్స్ కార్డే అక్కర్లేదు. అన్నయ్య కంప్యూటర్ మీద, రెండు మూడు వందల వరుసల సీ++ తో, ఒక గోళం, ఒక నేల, ఒక దీపం గీయవచ్చు. ఫలితాన్ని పీపీఎం అనే సాదా బొమ్మ ఫైలులో రాసుకుంటే, ఆ ఫైలు రాయడానికి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కూడా అవసరం లేదు. లైటింగ్ వైపు మనసుంటే బ్లెండర్ అనే త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. మీ వంటింట్లోని ఒక స్టీలు గిన్నెను, కిటికీ వెలుగుతో సహా, అందులో అచ్చుగుద్దినట్లు చేసి చూడండి.

ఇదంతా ఇంటర్ పరీక్షలు, ప్రవేశ పరీక్షలు అయ్యాకే. ఆ సెలవుల్లో బొమ్మ వస్తే నాకు పంపండి. గోళం నడుమ మసకగా, అంచుల్లో మెరుపుగా ఉండాలి. అంతటా ఒకేలా మెరుస్తుంటే, ఆ అయిదో ఘాతం ఎక్కడ తప్పిందో కలిసి వెతుకుదాం.