ఫుల్ స్క్రీన్ అడిగే ముందు ఒక మాట అబ్బాయ్

అబ్బాయ్, కావలి కోచింగ్ సెంటరోళ్లకి నువ్వు చేస్తుండే మాక్ టెస్ట్ సైటు చూశా, బాగానే ఉండాది గానీ పేజీ లోడ్ అవగానే ఫుల్ స్క్రీన్ అయిపోవాలని రాశావే, అది జరగదురా. మనిషి వేలు పెట్టి నొక్కితేనే బ్రౌజర్ ఒప్పుకుంటాది, ఆ నొక్కుడే పర్మిషన్. కెమెరాకి మైకుకి వచ్చినట్టు అలో, బ్లాక్ అని బాక్సేం రాదు, ఒకప్పుడు క్రోమ్, ఫైర్‌ఫాక్స్ అడిగేవి, తర్వాత తీసేసి 'బయటికి రావాలంటే ఎస్కేప్ నొక్కండి' అని పైన కాసేపు చూపించి ఊరుకుంటుండాయి.

స్టార్ట్ బటన్ పెట్టావు, సరే. కానీ నొక్కంగానే ముందు సర్వర్ నుంచి ప్రశ్నలు తెచ్చి, అవి వచ్చాక ఫుల్ స్క్రీన్ అడుగుతుండావు, అక్కడే ఉండాది తిరకాసు. ఆ నొక్కుడికి విలువ కొన్ని సెకన్లే, నీ ఇంట్లో ఫైబర్ నెట్ కాబట్టి పని చేస్తాది, ఉదయగిరి పక్క పల్లెలో ఒక్క గీత సిగ్నల్ మీద రాసే పిల్లకి ప్రశ్నలొచ్చేసరికి ఆ టైము అయిపోయి బ్రౌజర్ కుదరదంటాది. క్లిక్ హ్యాండ్లర్‌లో, అంటే బటన్ నొక్కితే నడిచే కోడ్‌లో, మొదటి లైనే ఫుల్ స్క్రీన్ అడిగే రిక్వెస్ట్ ఫుల్‌స్క్రీన్ పెట్టు, ప్రశ్నలు తర్వాత తెచ్చుకో. అది ప్రామిస్ ఇస్తాది, అంటే కుదిరిందో లేదో తర్వాత చెప్తాది, కుదరనప్పుడు నడిచే క్యాచ్ రాయి, కాదంటే మామూలు విండోలోనే టెస్ట్ నడవనీ.

ఎస్కేప్‌ని ఆపాలని చూడమాక. దొంగ బ్యాంకు పేజీలు, ఉత్తుత్తి వైరస్ హెచ్చరికలు స్క్రీనంతా పరుచుకుని జనాన్ని బెదరగొడతాయి గదా, అందుకే బయటపడే దారి ఎప్పుడూ యూజర్ చేతిలోనే ఉండాల. పిల్లోడు బయటికొస్తే ఫుల్‌స్క్రీన్ చేంజ్ ఈవెంట్ అని నీ కోడ్‌కి బ్రౌజర్ నుంచి కబురు వస్తాది, అప్పుడు 'మళ్లీ పెద్దది చెయ్యి' అని బటన్ చూపించు, నీ అంతట నువ్వు తిరిగి లోపలికి తోయలేవు, ఎస్కేప్ నొక్కడాన్ని బ్రౌజర్ పర్మిషన్ కింద లెక్కెయ్యదు. బయటికొచ్చాడని కాపీ కొట్టాడని రాయొద్దు, అది నాకస్సలు నచ్చలా. ఎఫ్11 కీ కొట్టి తనే స్క్రీన్ పెద్దది చేసుకున్నోడికి కూడా ఫుల్‌స్క్రీన్ ఎలిమెంట్ నల్ అనే, అంటే ఫుల్ స్క్రీన్‌లో ఏమీ లేదనే చూపిస్తాది, వాడిదేం తప్పు?

సెంటరోళ్లు నీ పేజీని వాళ్ల సైటులో ఐఫ్రేమ్‌గా, అంటే వాళ్ల పేజీలో ఒక కిటికీలా పెడితే, ఆ ఐఫ్రేమ్ ట్యాగ్‌లో అలో అనే ఆట్రిబ్యూట్‌లో ఫుల్‌స్క్రీన్ అని గానీ, పాత అలో ఫుల్‌స్క్రీన్ ఆట్రిబ్యూట్ గానీ వాళ్లే రాయాల, లేకపోతే నువ్వెంత అడిగినా రాదు. ఐఫోన్ సఫారీ చాన్నాళ్లు వీడియోకే ఇచ్చింది, మామూలు పేజీకి ఇయ్యలా, ఫుల్ స్క్రీన్ కుదురుతాదో లేదో చెప్పే ఫుల్‌స్క్రీన్ ఎనేబుల్డ్ చూసి లేకుంటే బటనే దాచెయ్యి.

బ్రౌజర్‌లోనే ఉండే డెవ్‌టూల్స్‌లో నెట్‌ని 3జీకి దించి ఒకసారి నడిపి చూడు. సెంటరాయన ఎస్కేప్ బంద్ చెయ్యాల్సిందేనని పట్టుబడితే నాకు ఫోన్ కలుపు, నేను మాట్లాడతా.

మీ బాబాయ్