బద్ధకం అనుకుంటూనే రెండేళ్లు పోగొట్టుకున్నాను

"బి.ఎడ్. రికార్డులు రాద్దామని కూర్చుంటాను, ఇంకేదో పని చేసి లేస్తాను. నాది బద్ధకమేనా? ఎలా పోతుంది?" అని అడిగారు. చదవగానే నా సంగతే గుర్తొచ్చింది.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. చదువంతా ఇంగ్లీషు మీడియం కావడంతో ఒడియా మాట్లాడగలను గానీ రాయడం రాలేదు. ఒడిశాలో ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే ఒడియా రావాలి. డిగ్రీ అయ్యాక నేర్చుకుందామనుకుంటూనే రెండేళ్లు గడిచిపోయాయి. పుస్తకం తీయగానే బీరువా సర్దాలనిపించేది. ఇంటి చాకిరీ అంతా చేసేదాన్ని, ఆ ఒక్క పుస్తకం దగ్గరే చెయ్యి ఆడేది కాదు.

కారణం చాలా ఆలస్యంగా అర్థమైంది. ఒడియాలో శ, ష, స మూడింటినీ 'స' లాగే పలుకుతారు. ఇ, ఈ తేడా కూడా వినపడదు. చెవితో నేర్చుకున్నదాన్ని కాబట్టి రాసేటప్పుడు ప్రతి మాటకీ అనుమానమే. ఒకసారి నేను రాసిన అర్జీలోని తప్పుల్ని ఒకాయన నలుగురి ముందూ చదివి వినిపించారు. పుస్తకం తెరిస్తే ఆ సిగ్గు గుర్తొచ్చేది, మూసేస్తే ప్రాణం తేలికపడేది. ఆ తేలిక కోసమే రోజూ మూసేశాను. ఫ్యూషా సిరోయిస్, టిమతీ పిచిల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2013లో రాసింది కూడా ఇదే: ఆ పూటకి మనసు బాగుంటే చాలని పనిని రేపటికి తోస్తాం.

నన్ను నేను తిట్టుకున్నన్నాళ్లూ పుస్తకం మీద భయం ఇంకా పెరిగింది. కెనడాలో 119 మంది విద్యార్థుల మీద చేసిన అధ్యయనం ఒకటి 2010లో వచ్చింది. మొదటి పరీక్షకి చదవడం వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్నవాళ్లు రెండో పరీక్షకి తక్కువ వాయిదా వేశారట. అది చదివాక తిట్టుకోవడం మానేశాను.

తర్వాత చేసింది చిన్న పనే. సాయంత్రం టీ గ్లాసు కింద పెట్టగానే 'సమాజ' అనే ఒడియా పేపర్లోంచి రెండు లైన్లు చూసి రాయడం. రెండే. తప్పొచ్చినా కొట్టేయకూడదు, ఎవరికీ చూపించకూడదు. మొదటి వారం చెయ్యి వణికింది. నెల తిరిగేసరికి రెండు లైన్లు పేజీ అయ్యాయి. మధ్యలో ఊరెళ్లి పది రోజులు మానేశాను, వచ్చాక మళ్లీ రెండు లైన్లతోనే మొదలుపెట్టాను. చివరికి ఒడియా పరీక్ష పాసయ్యాను.

నిద్ర, తిండి కూడా దెబ్బతిని, ఏ పనీ చేయబుద్ధి కాకుండా వారాలు గడుస్తుంటే మాత్రం డాక్టరుకి చూపించుకోండి, సిగ్గుపడకండి.

మీ రికార్డుల్లో ఏది తీయగానే ఫోను వైపు చెయ్యి పోతోంది? లెసన్ ప్లానా, బొమ్మలు వేయడమా, సార్ సంతకమా? అది చెప్పండి, అక్కడి నుంచే చూద్దాం.