నీళ్లు తాగితే పొలమారుతోంది.. బెలూన్లు ఊదిస్తే తగ్గుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. నాలుక మొదట్లో క్యాన్సర్ వస్తే రేడియేషన్, కీమో ఇచ్చారు. చికిత్స ముగిసి ఏడాదిన్నర అయింది. జబ్బు మళ్లీ రాలేదన్నారు. కానీ నీళ్లు, మజ్జిగ తాగితే పొలమారుతోంది. రెండు నెలల కిందట నిమోనియాతో ఆసుపత్రిలో చేర్చాం. ఇంట్లో మూడు బంతుల స్పైరోమీటర్ ఉంది, దాంతో వ్యాయామం చేయించవచ్చా? బెలూన్లు ఊదించమని కూడా కొందరు చెబుతున్నారు.
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తాగినప్పుడల్లా పొలమారడం, పైగా నిమోనియా కూడా వచ్చిందంటే నీళ్లు కొద్దికొద్దిగా ఊపిరితిత్తుల్లోకి జారుతున్నాయేమోనని అనుమానించాలి. మెడకు రేడియేషన్ ఇచ్చినప్పుడు గడ్డతో పాటు చుట్టుపక్కల కండరాలకూ దెబ్బ తగులుతుంది. చికిత్స ముగిశాక కూడా నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి అవి బిగుసుకుపోతూనే ఉంటాయి. మింగేటప్పుడు స్వరపేటిక పైకి లేచి, శ్వాసమార్గం మూసుకోవాలి. బిగిసిన కండరాలతో అది సరిగా లేవదు. గొంతులో స్పర్శ తగ్గిన కొందరికి నీళ్లు లోపలికి జారినా దగ్గు రాదు. అందుకే దగ్గు తగ్గింది కదా అని నిశ్చింతగా ఉండకండి. తాగాక గొంతు తడిగా గరగరమంటోందా, బరువు తగ్గుతున్నారా, మాటిమాటికీ జ్వరం వస్తోందా అన్నది గమనించండి.

ఇక స్పైరోమీటర్ సంగతి. ఆ బంతులు లేచేది గాలిని లోపలికి పీల్చినప్పుడు. మీ నాన్నగారికి ముఖ్యంగా బలపడాల్సింది గాలిని బయటికి నెట్టే కండరాలు, అంటే పొట్ట, పక్కటెముకల మధ్య ఉండేవి. దగ్గుకు బలం వాటి నుంచే వస్తుంది. దారి తప్పిన నీటిచుక్కను బయటికి తోసేది బలమైన దగ్గే. ఇందుకోసం ఈఎంఎస్‌టీ (గాలిని బయటికి నెట్టే కండరాలకు బలం పెంచే శిక్షణ) అనే పద్ధతి ఉంది. దానికి ఒక చిన్న పరికరం వాడతారు. దాని లోపల స్ప్రింగుతో బిగించిన వాల్వు ఉంటుంది. పెట్టిన ఒత్తిడి దాటేలా గట్టిగా ఊదితేనే అది తెరుచుకుంటుంది. అలా ఊదుతున్నప్పుడు గడ్డం కింది కండరాలూ పనిచేస్తాయి. మింగేటప్పుడు స్వరపేటికను పైకి లాగడంలో వాటిదే ప్రధాన పాత్ర. బెలూన్‌తో ఈ ఒత్తిడిని కొలవలేం, క్రమంగా పెంచుకుంటూ పోలేం. కాబట్టి దాని మీద ఆధారపడొద్దు.

సాధారణంగా 5 సార్లు ఊదితే ఒక సెట్. రోజుకు 5 సెట్లు, వారానికి 5 రోజులు, కనీసం 5 వారాలు చేయిస్తారు. ఆయన ఎంత బలంగా ఊదగలరో ముందు కొలిచి, అందులో సుమారు 75 శాతం దగ్గర ఒత్తిడి పెడతారు. బలం పెరిగేకొద్దీ మళ్లీ సరిచేస్తారు. అమెరికాలోని ఎండీ ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రం వైద్యులు రేడియేషన్ తర్వాత ఇలాంటి ఇబ్బంది ఉన్నవారికి ఈ శిక్షణ ఇచ్చి, ఫలితాలను 2018లో ప్రచురించారు. ఊదే బలం పెరిగింది, మింగడంలో భద్రత మెరుగైంది. అయితే గొంతులో ఆహారం మిగిలిపోయే సమస్యలో పెద్దగా మార్పు రాలేదు. పోల్చి చూడటానికి శిక్షణ ఇవ్వని బృందం కూడా అందులో లేదు. అయినా మీ నాన్నగారి లాంటి వారి విషయంలో ఇది తప్పక ప్రయత్నించదగ్గదని నా అభిప్రాయం.

కానీ పరికరం కొనేముందు పరీక్ష చేయించండి. ముక్కులోంచి సన్నని కెమెరా పంపి మింగడాన్ని చూసే ఫీస్ (FEES) అనే పరీక్ష గానీ, బేరియం కలిపిన ఆహారం మింగిస్తూ తీసే వీడియో ఎక్స్‌రే గానీ చేస్తారు. ఈఎన్‌టీ వైద్యుడిని కలిసి, మింగడంలో శిక్షణ ఇచ్చే స్పీచ్ థెరపిస్ట్ దగ్గరకు పంపమని అడగండి. బీపీ అదుపులో లేకపోయినా, హెర్నియా ఉన్నా, ఈమధ్య పొట్ట ఆపరేషన్ అయినా, ఎప్పుడైనా ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినా ముందే చెప్పండి. గొంతు దగ్గర గొట్టం ఉన్నవారికి పద్ధతి వేరు.

ఈలోగా భోజనం పెట్టేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టండి, తిన్నాక అరగంట వరకు పడుకోనివ్వకండి. పలుచని చారు కలిపిన అన్నం ఇలాంటివారికి కష్టం, ఎందుకంటే మెతుకు నోట్లో ఉండగానే చారు ముందే జారిపోతుంది. మెత్తగా కలిపిన పెరుగన్నం చాలామందికి కాస్త సులువు. నీళ్లను చిక్కబరచాలా, గడ్డం వంచి మింగాలా అన్నది పరీక్ష చూశాకే తేలుతుంది, అవి అందరికీ సరిపడవు. పొలమారగానే 'ఎవరో తలుచుకుంటున్నారు' అంటూ నెత్తిన తట్టి నీళ్లు తాగించడం మన ఇళ్లలో అలవాటు. మీ నాన్నగారికి అలా చేయకండి. ముందుకు వంగి, దగ్గనివ్వండి. రోజుకు రెండుసార్లు పళ్లు, నాలుక శుభ్రం చేయించడం తప్పనిసరి. నోట్లోని బ్యాక్టీరియా లాలాజలంతో పాటు లోపలికి జారితే నిమోనియాకు దారితీస్తుంది.

జ్వరంతో పాటు ఆయాసం వచ్చినా, కఫం రంగు మారినా, పెదవులు నీలంగా అనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.