ఆక్సిజన్ వెళ్లే దారి సరే, తిరిగొచ్చే దారి ఏది?

ప్రశ్న: శ్వాసనాళంలో ట్యూబు పడక, మాస్కుతోనూ ఆక్సిజన్ అందనప్పుడు మెడ ముందు క్రికోథైరాయిడ్ పొరలోంచి (స్వరపేటిక మృదులాస్థుల మధ్య ఉండే పొర) 14 గేజ్ క్యానులా, అంటే సన్నని ప్లాస్టిక్ గొట్టం, దించాలి, దానికి 3 మి.లీ. సిరంజి గొట్టం, అందులో 7 నంబరు ట్యూబు కనెక్టర్ తగిలిస్తే అంబూ బ్యాగ్ (చేత్తో పిండి ఊపిరి ఇచ్చే సంచి) సరిపోతుందని నేర్పారు. శిక్షణ బొమ్మ మీద చేసి చూస్తే బ్యాగ్ రాయిలా బిగుసుకుంది. ఎక్కడ పొరపాటు?
– ఓ పీజీ విద్యార్థి

జవాబు: మీ చేతిలో పొరపాటేం లేదు. ఆ ముక్కలన్నీ ఒకదానిలో ఒకటి చక్కగా అమరుతాయి. అమరినంత మాత్రాన గాలి వెళ్లదు. 14 గేజ్ క్యానులా లోపలి వ్యాసం 2 మి.మీ. కూడా ఉండదు; పెద్దవాళ్లకు వేసే ట్యూబుది 7, 8 మి.మీ. గాలి కుదురుగా పారినా సరే, గొట్టం వ్యాసం సగమైతే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. ఇంత ఇరుకులో గాలి సుడులు తిరుగుతుంది కాబట్టి అడ్డు ఇంకా ఎక్కువ. మీరు పిండిన బలమంతా క్యానులా దగ్గరే ఖర్చయిపోయి, ఊపిరితిత్తులకు చేరేది చారెడు గాలి.

ఇక్కడ కావలసింది ఒత్తిడి. గోడ పైపులైన్‌లో ఆక్సిజన్ దాదాపు 4 బార్ మీద వస్తుంది, అంటే సుమారు 4,000 సెం.మీ. నీటి ఒత్తిడి. చేత్తో పిండితే దాని దరిదాపులకు కూడా రాదు. ఒత్తిడిని తగ్గించుకునే వీలున్న జెట్ ఇంజెక్టర్ (ఆక్సిజన్‌ను ఎక్కువ ఒత్తిడితో విడతలుగా పంపే పరికరం) ఉంటే దాన్ని వాడండి. లేకపోతే పైపులైన్ ఫ్లోమీటర్‌ను నిమిషానికి 15 లీటర్లకు తిప్పి, ఆక్సిజన్ ట్యూబింగ్ మధ్యలో వై-కనెక్టర్ పెట్టి, దాని ఖాళీ నోటిని బొటనవేలితో మూయండి. నిమిషానికి 15 లీటర్లంటే సెకనుకు 250 మి.లీ. వేలు 2 సెకన్లు మూస్తే అర లీటరు. సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) అడుగంటిన పెద్దవాళ్లకు మొదటిసారి 4 సెకన్లు, అంటే లీటరు, ఇచ్చే పద్ధతి ఆస్ట్రేలియాలో ఉంది. ఆ తర్వాత సాచురేషన్ పైకెక్కి, ఎక్కిన చోటి నుంచి 5 శాతం దిగాకే మళ్లీ 2 సెకన్లు. పిల్లలకైతే ఎన్నేళ్ల వయసో నిమిషానికి అన్ని లీటర్లతో మొదలుపెట్టి, సెకను మూసి 4 సెకన్లు వదలాలి. ఛాతీ లేవకపోతే కొద్దికొద్దిగా పెంచుకోవాలి.

ప్రశ్న: వై-కనెక్టర్ దొరక్కపోతే త్రీ-వే స్టాప్‌కాక్ (మూడు దారుల చిన్న కుళాయి) పెట్టి, ఇచ్చాక పక్క దారి తెరిస్తే గాలి బయటికి పోతుంది కదా?
– థియేటర్ టెక్నీషియన్

జవాబు: పోదు. ఎక్కువ ప్రమాదాలకు మూలం ఈ నమ్మకమే. త్రీ-వే లోపలి రంధ్రాలు బాగా సన్నం. మూడు దారులూ తెరిచి ఉన్నా, 15 లీటర్ల ప్రవాహం మొత్తం ఆ పక్క దారిలోంచి బయటపడలేక కొంత రోగివైపే నెడుతూ ఉంటుంది. మీరు గాలి వదులుతున్నామనుకునే 4 సెకన్లలోనూ లోపలికి ఆక్సిజన్ వెళ్తూనే ఉంటుంది. అందుకే నోరు వెడల్పుగా ఉన్న వై-కనెక్టర్ కావాలి.

సరే, ప్రవాహం పూర్తిగా ఆగిందనుకుందాం. అప్పుడైనా గాలి క్యానులాలోంచి తిరిగొస్తుందా? లోపలికి తోసింది 4 బార్. బయటికి తోసేది ఊపిరితిత్తుల సాగుడు బలం మాత్రమే, అది కొన్ని పదుల సెం.మీ. నీటి ఒత్తిడికి మించదు. ఆ లెక్కన 14 గేజ్‌లోంచి అర లీటరు బయటపడటానికి అర నిమిషం దాకా పడుతుంది. కాబట్టి గాలి నోరు, ముక్కు ద్వారానే బయటికి రావాలి. క్యానులా పడగానే పై దారిని వదిలేయడం పెద్ద తప్పు. దవడ ముందుకు ఎత్తి పట్టుకోవడానికి ఒక మనిషిని కేటాయించండి. నోటి ఎయిర్‌వే (నాలుక వెనక్కి పడకుండా ఉంచే వంపు గొట్టం) వేయండి. సుప్రాగ్లాటిక్ పరికరం (స్వరపేటిక పైన కూర్చునే ఊపిరి గొట్టం) అప్పటికే లోపల ఉంటే తీయకండి. గొంతు కండరాలు బిగుసుకోకుండా కండర సడలింపు మందు పనిచేస్తూ ఉండాలి.

ఛాతీ లేవడం అందరూ చూస్తారు, దిగడం చూసేవాళ్లు తక్కువ. దిగకపోతే రెండోసారి ఇవ్వొద్దు. ఇస్తే గాలి మీద గాలి పేరుకుని, గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి, బీపీ పడిపోతుంది. ఊపిరితిత్తి చిట్లి న్యుమోథొరాక్స్ అవుతుంది, అంటే గాలి ఊపిరితిత్తి చుట్టూ చేరుతుంది. ఛాతీ ఉబ్బి నిలిచిపోతే ఆక్సిజన్ ట్యూబింగ్ ఊడదీసి, పక్కల నుంచి ఛాతీని మెల్లగా నొక్కండి.

పై దారి పూర్తిగా మూసుకుపోయిన వాళ్లకు వెంట్రెయిన్ అనే చేతి పరికరం ఉంది. అది ఆక్సిజన్ ప్రవాహాన్నే వాడుకుని, బెర్నౌలీ సూత్రం మీద లోపలి గాలిని బయటికి లాగుతుంది. ఇచ్చిన సెకన్లూ లాగిన సెకన్లూ సరిపోలకపోతే దానితోనూ ఛాతీ ఉబ్బుతుంది, లేదా ఊపిరితిత్తులు ముడుచుకుపోతాయి.

ప్రశ్న: క్యానులా సరైన చోట పడిందని ఎలా తెలుస్తుంది? వెంటనే మెడ ఉబ్బితే ఏం చేయాలి?
– ఎమర్జెన్సీ విభాగం నర్సు

జవాబు: మెడ వెనక్కి వాల్చి, స్వరపేటికను ఒక చేత్తో కదలకుండా పట్టుకోవాలి. 5 మి.లీ. సిరంజిలో 2 మి.లీ. సెలైన్ తీసి, సూదిని 45 డిగ్రీల వాలులో కాళ్లవైపు పోనిస్తూ, పిస్టన్ వెనక్కి లాగుతూనే ఉండాలి. బుడగలు రాగానే సూదిని అక్కడే ఆపి, క్యానులాను మాత్రమే దాని మీదుగా ముందుకు జార్చాలి. సూది తీశాక సిరంజి మళ్లీ తగిలించి లాగి చూడండి. ఈ రెండోసారి చూడటం చాలామంది మర్చిపోతారు. గాలి ధారాళంగా రాకపోతే ఆక్సిజన్ తగిలించొద్దు. మామూలు ఐవీ క్యానులా మెత్తన, చర్మం దగ్గర మడత పడుతుంది. అందుకే చివరిదాకా ఒకరు దాన్ని వేళ్లతో పట్టుకునే ఉండాలి.

మెడ ఉబ్బిందంటే క్యానులా కొన చర్మం కింద ఉంది. ఆక్సిజన్ వెంటనే ఆపండి. ఆ ఉబ్బులో ఇక పొర వేలికి తగలదు. మళ్లీ గుచ్చుతూ కూర్చోకుండా బ్లేడుతో నిలువుగా కోసి, వేలితో వెతకడమే దారి. 2011లో వెలువడిన ఎయిర్‌వే ప్రమాదాల మీద బ్రిటన్ చేసిన నాలుగో జాతీయ ఆడిట్‌లో ఇలాంటి అత్యవసర సన్న క్యానులాల్లో దాదాపు 60 శాతం విఫలమయ్యాయి. 2015 బ్రిటన్ డిఫికల్ట్ ఎయిర్‌వే సొసైటీ మార్గదర్శకాలు పెద్దవాళ్లకు నేరుగా 10 నంబరు బ్లేడు, బూజీ (ట్యూబుకు దారి చూపే సన్నని కడ్డీ), 6 నంబరు కఫ్ ట్యూబు (గాలి బుడగ ఉన్న ట్యూబు) చెప్పింది అందుకే. మా మొగ్గూ అటే. పసిపిల్లల సంగతి వేరు: అప్పుడే పుట్టిన బిడ్డలో ఆ పొర 3 మి.మీ. మాత్రమే, అందులో ట్యూబు పట్టదు. క్యానులా బాగా పనిచేసినా కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటూనే ఉంటుంది. అది 30-45 నిమిషాల గడువే అనుకుని, ఆలోగా అసలు ఎయిర్‌వే ఏర్పాటు చేసుకోవాలి.

ప్రశ్న: ట్యూబు మార్చేందుకు వేసే ఎక్స్ఛేంజ్ క్యాథెటర్‌లో కూడా ఆక్సిజన్ ఇచ్చే రంధ్రం ఉంది. వాడొచ్చా?
– ఐసీయూ డాక్టరు

జవాబు: అవసరం పడేది అరుదు. ముక్కుకు నేజల్ క్యానులా, లేదా మాస్కు పెడితే చాలావరకు గడిచిపోతుంది. ఇవ్వక తప్పకపోతే నిమిషానికి 1-2 లీటర్లు దాటించొద్దు, జెట్ అసలు తగిలించొద్దు. పెద్దవాళ్లలో పెదవి దగ్గర 25 సెం.మీ. గుర్తు దాటి లోపలికి పోనివ్వకండి. దాటితే కొన ఒక పక్క శ్వాసనాళ శాఖలో ఇరుక్కుంటుంది. అక్కడ గాలి చుట్టూ తిరిగి వచ్చే సందు ఉండదు, 2 లీటర్లే అయినా ఊపిరితిత్తిని చిట్లించగలవు.