కొత్త పిస్టల్ మీద అప్పుడే తీర్పు ఇచ్చేయకు

అమ్మలూ,

25 మీటర్ల పోటీకి కొన్న కొత్త పిస్టల్ గురించి నువ్వు రాసిన ఉత్తరం రెండుసార్లు చదివాను. ట్రిగ్గర్ చాలా క్లీన్‌గా తెగుతోందని, రాపిడ్‌లో (క్షణాల్లో కొట్టే భాగంలో) షాట్ పడ్డాక సైట్స్ (గురి చూసే ముందు, వెనక అమరికలు) వెంటనే వాటి చోటికి వచ్చేస్తున్నాయని, ప్రిసిషన్‌లో (నిదానంగా గురి చూసి కొట్టే భాగంలో) మాత్రం పాత పిస్టల్ కంటే షాట్లు చెదురుతున్నాయని, బొటనవేలు మొదట్లో నొప్పి పుడుతోందని, మధ్యలో జామ్‌లు కూడా అయ్యాయని రాశావు. చివర్లో ఇంత డబ్బు పోసి కొన్నాక ఇదేనా అన్నావు చూడు, ఆ మాట మాత్రం ఇప్పుడే అనకు. నువ్వు రాసినవన్నీ నిజమే, కానీ వాటిలో సగం పిస్టల్ గురించి, సగం నీ చెయ్యి గురించి. ఏది ఎవరిదో విడదీయకుండా స్క్రూలు తిప్పడం మొదలుపెట్టావంటే ఇక ఎప్పటికీ తేలదు.

ముందు ఒకటి చెప్తా. బాక్స్‌లో ఒక టెస్ట్ కార్డ్ వచ్చి ఉంటుంది, ఫ్యాక్టరీలో పిస్టల్‌ని క్లాంప్‌లో బిగించి 25 మీటర్ల దగ్గర కొట్టిన గ్రూప్ (షాట్లు పడ్డ గుంపు) అది. దాన్ని మన ప్రిసిషన్ టార్గెట్ మీద పెట్టి చూడు. 10 రింగ్ 50 మిల్లీమీటర్లు ఉంటుంది కదా, ఆ గ్రూప్ అందులో పట్టేసి ఇంకా చోటు మిగుల్తుంది. అంటే బ్యారెల్ చెయ్యాల్సిన పని బ్యారెల్ చేస్తోంది, ఇక మిగిలింది గ్రిప్పు, రౌండ్స్ (తూటాలు), సైట్స్, ట్రిగ్గర్. సరిగ్గా ఈ వరసలోనే చూడు. చాలామంది ఉల్టాగా ట్రిగ్గర్‌తో మొదలుపెడతారు, అక్కడే పాడవుతుంది.

గ్రిప్ సంగతి. కొత్త చెప్పు కరిచినట్టు కరుస్తోందని దాన్ని అలాగే ఓర్చుకోకు, చెక్క గ్రిప్ ఇచ్చేదే అరగదీసుకోడానికి. ఖాళీ పిస్టల్, చాంబర్‌లో (తూటా కూర్చునే గూటిలో) సేఫ్టీ ఫ్లాగ్ ఉందో లేదో చూసుకుని, ఫైరింగ్ లైన్ మీదే, రేంజ్ ఆఫీసర్ ఊ అన్నాక, టార్గెట్ వైపు నిలబడి కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తు, ఒక ఊపిరి వదిలి స్థిరపడ్డాక కళ్లు తెరువు. ఫ్రంట్ సైట్ రేర్ నాచ్ (వెనక సైట్‌లోని గంటు) మధ్యలో సరిగ్గా ఉండి, మొత్తం పిస్టలే టార్గెట్‌కి పక్కగా చూస్తుంటే అది కాళ్ల తప్పు, నిలబడే కోణం మార్చుకో, గ్రిప్‌ని ముట్టుకోకు. అలా కాకుండా ప్రతిసారీ ఫ్రంట్ సైట్ నాచ్‌లో ఒకే పక్కకి ఒరుగుతుంటే అప్పుడది గ్రిప్ తప్పు. ఈ తేడా తెలీక మంచి గ్రిప్పులు పాడుచేసుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

అరగదియ్యాలంటే నొప్పి పుట్టే చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని సన్న సాండ్‌పేపర్‌తో కొంచెం కొంచెంగా, ఒక సెషన్‌కి ఒక్క చోటే. ఖాళీ ఉన్న చోట వుడ్ ఫిల్లర్ నింపుకో. ట్రిగ్గర్ వేలు మాత్రం చెక్కకి ఎక్కడా తగలకూడదు, తగిలితే నొక్కినప్పుడల్లా పిస్టల్ మొత్తం పక్కకి తోసుకుపోతుంది, నీ షాట్లు అడ్డంగా చెదరడానికి అదే కారణమని నా అనుమానం. అరచేతి కింద ఉండే పలక మరీ బిగుతుగా పెట్టుకోకు, దాన్ని పైకి వంచడం రూల్స్ ఒప్పుకోవు, గ్రిప్ మణికట్టుకి ఆసరా ఇవ్వకూడదు కూడా, పిస్టల్ తనిఖీ చేసే ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌లో ఆపేస్తారు.

రాపిడ్ బాగుండి ప్రిసిషన్ తగ్గడం గురించి భయపడకు, అది ఈ తరహా పిస్టల్ లక్షణమే. బ్యారెల్ చేతికి బాగా దగ్గరగా కిందికి ఉంటుంది, అందుకని మూతి తక్కువ లేస్తుంది, 45 డిగ్రీల నుంచి చెయ్యి లేపి 3 సెకన్లలో కొట్టాల్సిన దగ్గర అది పెద్ద వరం. కానీ ముందు బరువు ఎక్కువైతే భుజం త్వరగా అలిసిపోతుంది, నిమిషాల తరబడి సాగే ప్రిసిషన్ సిరీస్‌లో ఆ అలుపు బయటపడుతుంది. ముందున్న అదనపు బరువులు ఊడదీసేవే అయితే అన్నీ తీసేసి మొదలుపెట్టు, భుజం అలవాటు పడ్డాక ఒక్కొక్కటే ఎక్కించు. మొత్తం 1400 గ్రాములు దాటకూడదన్నది నీకు తెలిసిందే.

రౌండ్స్ దగ్గర కక్కుర్తి పడకు, ఇంత ఖరీదైన పిస్టల్ కొని ఏది దొరికితే అది తినిపిస్తే దాని విలువ నీకు తెలియదు. మన పిస్టల్‌లో వాడే .22 ఎల్ఆర్ రకం తూటాల్లో ఒక్కో బ్యారెల్‌కి ఒక్కో రౌండ్ నచ్చుతుంది, ఎందుకో ముందుగా ఎవరూ చెప్పలేరు, కొట్టి చూడాల్సిందే. రెండు మూడు రకాలు తెచ్చుకుని, చెయ్యి ఆనించి రెస్ట్ మీద పెట్టి, 25 మీటర్ల దగ్గర పదేసి షాట్ల గ్రూపులు కొట్టు. ఐదు షాట్ల గ్రూప్ చూసి మురిసిపోకు. రకం మార్చినప్పుడు మొదట కొన్ని రౌండ్స్ లెక్కలోకి తీసుకోకు, పాత రౌండ్ మైనం బ్యారెల్‌లో ఉంటుంది కదా అది మారాలి. నచ్చినది దొరికాక అదే లాట్ నంబర్‌వి (ఒకే విడతలో తయారైనవి) వీలైనన్ని కొనిపెట్టుకో. హై వెలాసిటీవి (ఎక్కువ వేగంతో పోయేవి) మాత్రం వద్దే వద్దు. ఈ పిస్టల్స్‌లో బోల్ట్‌కి (చాంబర్‌ని వెనక నుంచి మూసే ముక్కకి) లాక్ ఏమీ ఉండదు, దాని బరువూ స్ప్రింగూ మాత్రమే దాన్ని వెనక్కి పోకుండా పట్టుకుంటాయి, స్టాండర్డ్ వెలాసిటీకి తగ్గట్టు చేసినవి అవి, గట్టి రౌండ్ పడితే బోల్ట్ వెళ్లి వెనకాల బాదుకుంటుంది.

జామ్‌లు అన్నావు, ఏ మ్యాగజైన్‌తో అయ్యాయో రాయలేదు. మ్యాగజైన్లకి మార్కర్‌తో నంబర్లు వెయ్యి, జామ్ అయినప్పుడల్లా నంబరు, ఎన్నో రౌండో నోట్ చెయ్యి. ఒక్క మ్యాగజైన్‌తోనే అవుతుంటే దాని లిప్స్ (రౌండ్‌ని పట్టుకునే పై అంచులు) చూడాలి, అన్నిటితో అవుతుంటే చాంబర్ మురికైనా అయ్యుండాలి, రౌండ్స్ అయినా నప్పకపోయుండాలి. చాంబర్‌లో మైనం, మసి కలిసి గట్టిగా పేరుకుపోతుంది, బయటికి మెరుస్తున్నా లోపల ఉంటుంది. క్లీనింగ్ రాడ్ వెనక నుంచే దూర్చు, మూతి వైపు నుంచి గీరితే బ్యారెల్ అంచు పోతుంది. ఇంకోటి, క్లిక్ మని పేలకపోతే పిస్టల్ టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగు, అప్పుడు ఖాళీ చెయ్యి. శబ్దం మామూలు కంటే బలహీనంగా వస్తే మాత్రం ఇంకో షాట్ కొట్టనే కొట్టకు, బులెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు, ఖాళీ చేసి బోర్ చూశాకే ఏదైనా.

ఇవన్నీ అయ్యాకే సైట్స్. ఒక్క షాట్ పక్కకి పోయిందని క్లిక్ తిప్పకు, గ్రూప్ మధ్య ఎక్కడుందో చూసి తిప్పు. నాచ్ వెడల్పు మార్చుకునే వీలుంటే ఫ్రంట్ సైట్‌కి రెండు పక్కలా కాస్త ఎక్కువ వెలుతురు వదులు, నువ్వు ఇప్పుడు మరీ ఇరుగ్గా పెట్టుకున్నావు, ఫొటోలో కనపడింది. ఇరుగ్గా ఉంటే కచ్చితంగా ఉందనిపిస్తుంది గానీ రాపిడ్‌లో కన్ను వెతుక్కోడానికే టైం పోతుంది.

ఇక ట్రిగ్గర్. నీకు నచ్చిందంటున్నావు కదా, మరి దాన్ని ముట్టుకోడమెందుకు తల్లీ. ట్రిగ్గర్ లాగే బరువు 1000 గ్రాములు కనీసం ఉండాలి, సరిగ్గా 1000కి పెట్టుకుంటే మ్యాచ్ రోజు ట్రిగ్గర్‌కి బరువు కట్టి చూసినప్పుడు నిలబడకపోవచ్చు, ఒక 30, 40 గ్రాములు పైనే ఉంచు. సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా పేలకుండా ఆపి ఉంచే ముక్క) పట్టు తగ్గించే స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే ఇంకా తేలిగ్గా తెగుతుందని ఎవరో ఒకరు నీకు చెప్తారు, వినకు. పట్టు మరీ తగ్గితే ఒక్కసారి నొక్కితే రెండు పేలతాయి, బోల్ట్ మూసుకోగానే దానంతటదే పేలినా పేలుతుంది. ఎప్పుడైనా ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే మనిషి) చేత అడ్జస్ట్ చేయించుకుంటే, ముందు మ్యాగజైన్‌లో ఒక్క రౌండే వేసి కొట్టు, తర్వాత రెండు, అవి బాగుంటేనే ఐదు. నా మాటగా ఇది గుర్తుపెట్టుకో, ఇందులో మినహాయింపు లేదు.

డ్రై ఫైర్ (రౌండ్స్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన) రోజూ చెయ్యి, కానీ రిమ్‌ఫైర్ (పిన్ తూటా అంచు మీద కొట్టే రకం) కదా, ఖాళీ చాంబర్ మీద ఊరికే కొడితే ఫైరింగ్ పిన్ చాంబర్ అంచుని తగిలి దెబ్బ తినొచ్చు. మంచి మ్యాచ్ పిస్టల్స్‌లో డ్రై ఫైర్‌కి వేరే ఏర్పాటు ఉంటుంది, మాన్యువల్‌లో చూసి అదే వాడు. రౌండ్స్ ఆ గదిలో కూడా ఉండకూడదు.

పాత పిస్టల్ అప్పుడే అమ్మకు, అలాగని ఒకే సెషన్‌లో రెండూ కొట్టి పోల్చుకోకు, చెయ్యి రెండిటి మధ్య తికమక పడి దేనికీ న్యాయం చెయ్యదు. ఈ సీజన్‌లో ముఖ్యమైన మ్యాచ్ దగ్గర్లో ఉంటే దానికి పాతదే తీసుకెళ్లు, కొత్తదాన్ని ఆ తర్వాత తీరిగ్గా చూసుకుందువు. రేంజ్ నుంచి రాగానే చేతులు చల్లటి నీళ్లతో సబ్బు పెట్టి కడుక్కో, సీసం పొడి అంటి ఉంటుంది, కడక్కుండా ఏమీ తినకు.

ఈసారి రాసేటప్పుడు మొత్తం స్కోర్ వద్దు నాకు. గ్రూపుల ఫొటోలు పంపు, ఒక్కో దాని కింద లాట్ నంబరు, మ్యాగజైన్ నంబరు, ఆ రోజు గ్రిప్‌లో ఏం మార్చావో రాసి పంపు. బొటనవేలి దగ్గర అరగదియ్యకముందు చెయ్యి పట్టుకున్న ఫొటో పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీసి పెట్టు, ఎంత తియ్యాలో నేను గీసి పంపిస్తా.

నీ పెదనాన్న